ఇంటి సిమ్ రిగ్‌కి హ్యాండ్‌బ్రేక్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో కారు రేసు ఆటలు (సిమ్ రేసింగ్) ఆడటానికి స్టీరింగ్ వీల్, పెడల్స్ కొని, వాటిని బిగించే చట్రం (రిగ్) పెట్టుకున్న ఆరు నెలలకి మొదలయ్యే దురద ఇది. ర్యాలీ ఆటలో ఒక ఇరుకు మలుపు దగ్గర బండి తిరగక గోడకి గుద్దుకుంటుంది, వెంటనే ఫోన్‌లో హ్యాండ్‌బ్రేకుల ధరలు వెతకడం మొదలవుతుంది. నాకూ అలాగే మొదలైంది. అప్పటి నుంచి రెండు కొన్నాను, ఒకటి తయారు చేశాను, ఒక డైనింగ్ టేబుల్ పాడుచేశాను. స్నేహితులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇవి.

అసలు నాకు హ్యాండ్‌బ్రేక్ అవసరమా?

మీరు ఏ ఆట ఆడతారో దాన్ని బట్టి ఉంటుంది. డర్ట్ ర్యాలీ 2.0, ఈఏ స్పోర్ట్స్ డబ్ల్యూఆర్‌సీ, రిచర్డ్ బర్న్స్ ర్యాలీ లాంటివి ఆడుతుంటే అవసరమే. అసెట్టో కోర్సా అనే ఆటలో డ్రిఫ్ట్ చేసేవాళ్లకీ, అంటే బండిని కావాలని పక్కకి జారిస్తూ నడిపేవాళ్లకీ, అవసరమే. ఎప్పుడూ జీటీ రేసులు, ఫార్ములా రేసులే ఆడేవాళ్లకి మాత్రం అది రిగ్ మీద దుమ్ము పట్టే అలంకారం. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు చూసి ఈ పిచ్చిలో పడ్డవాళ్లు నాకు కొందరు తెలుసు. ఆ బండ్లలో మలుపు దగ్గర లాగడానికి హ్యాండ్‌బ్రేక్ ఏమీ ఉండదు.

ఇంకో మాట. మీ బ్రేక్ పెడల్ ఇంకా వీల్‌తో పాటు వచ్చిన నాసిరకం ప్లాస్టిక్‌దే అయితే, ముందు డబ్బు అక్కడ పెట్టండి. బ్రేక్ పెడల్‌ని ప్రతి మలుపులో తొక్కుతారు. హ్యాండ్‌బ్రేక్ లాగేది పదిహేను కిలోమీటర్ల స్టేజీలో (ర్యాలీలో ఒక విడతలో) నాలుగైదు సార్లు.

వీల్ మీద బటన్‌తో పని జరుగుతోందిగా, మళ్లీ ఇదెందుకు?

బటన్‌కి తెలిసింది రెండే: సున్నా, వంద. హెయిర్‌పిన్‌లో, అంటే రోడ్డు వెనక్కి మడత పడే మలుపులో, చక్రాలు తిరగకుండా ఒక్కసారిగా లాక్ చేయడానికి అది చాలు. నిజం చెప్పాలంటే బటన్‌తో ఆడి నాకంటే మంచి టైం తెచ్చేవాళ్లు ఉన్నారు. చిక్కు ఎక్కడంటే, హెయిర్‌పిన్ అంత ఇరుకు కాని మలుపుల్లో. అక్కడ బండి తోకని కొంచెం కదిలిస్తే చాలు, పూర్తిగా తిప్పితే రోడ్డు పక్కనున్న గుంటలో పడతాం. సగం లాగి వదిలే వీలు కావాలంటే అనలాగ్ లివర్ ఉండాలి. పైగా వీల్ తిరుగుతున్నప్పుడు బటన్ కూడా దాంతోపాటు తిరుగుతుంది. వీల్ తలకిందులుగా ఉన్నప్పుడు ఆ బటన్ ఎక్కడుందో వెతుక్కునేలోపు మలుపు అయిపోతుంది.

హ్యాండ్‌బ్రేక్ లాగితే బండి తోక ఎందుకు తిరుగుతుంది?

హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనుక చక్రాలని మాత్రమే. దొర్లుతున్న టైరు పక్కకి జారకుండా ఆపుకుంటుంది. అదే టైరు లాక్ అయితే దానికి ముందు, పక్క అనే తేడా ఉండదు, ఎటు నెడితే అటు జారుతుంది. ముందు చక్రాలకి పట్టు అలాగే ఉంది, మలుపులోకి లాగుతున్నాయి. వెనుక చక్రాలకి పట్టు పోయింది. అందుకే బండి ముక్కు చుట్టూ తోక తిరుగుతుంది.

బండి రకాన్ని బట్టి దీని వాడకం మారుతుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో హ్యాండ్‌బ్రేక్ లాగుతూ కూడా యాక్సిలరేటర్ మీద కాలు ఉంచొచ్చు, ఎందుకంటే ఇంజన్ తిప్పే చక్రాలు వేరు, మీరు పట్టే చక్రాలు వేరు. వెనుక చక్రాలతో నడిచే బండిలో అయితే ఇంజన్, బ్రేక్ రెండూ ఒకే చక్రాల మీద కొట్టుకుంటాయి. క్లచ్ తొక్కకుండా లాగితే ఇంజన్ ఆగిపోతుంది, లేదా చక్రాలు సరిగ్గా లాక్ కావు. నాలుగు చక్రాలూ నడిచే నేటి ర్యాలీ బండ్లలో హ్యాండ్‌బ్రేక్ లాగగానే వెనుక చక్రాలకి శక్తి వెళ్లకుండా విడగొట్టే ఏర్పాటు ఉంటుంది. ఆటల్లో కూడా ఆ బండ్లలో క్లచ్ తొక్కకపోయినా తోక తిరిగేది అందుకే.

మా ఇంటి కారులో ఉన్నదీ ఇదీ ఒకటేనా?

పని చేసే చక్రాలు అవే, తీరు వేరు. ఇంటి కారు లివర్ లాగితే కటకటమని పళ్ల మీద ఎక్కి అక్కడే నిలబడిపోతుంది, బండి నిలిపి ఉంచడానికి చేసింది కాబట్టి. ర్యాలీ బండి లివర్‌కి ఆ పళ్లుండవు. వదలగానే వెనక్కి పోవాలి. సిమ్ హ్యాండ్‌బ్రేక్ ఈ రెండోదాన్ని అనుకరిస్తుంది. ఇంట్లో నేర్చుకున్నది ఇంటి కారులో పరీక్షించాలన్న ఆలోచన ఉంటే, ఒక టైరు సెట్టు ధర కనుక్కుని రండి, ఆ ఆలోచన దానంతటదే పోతుంది.

పొటెన్షియోమీటర్, హాల్ సెన్సర్, లోడ్‌సెల్, హైడ్రాలిక్. ఏది తీసుకోవాలి?

అన్నీ చేసే పని ఒకటే, మీ చేతి కదలికని కంప్యూటర్‌కి అంకెగా మార్చడం. ఎలా కొలుస్తాయన్నదే తేడా.

పొటెన్షియోమీటర్ అంటే పాత రేడియోలో వాల్యూం తిప్పే నాబ్ లోపల ఉండేదే. లోపల ఒక పట్టీ మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. చవక. కొత్తలో బాగానే ఉంటుంది. రాసుకునే చోట అరిగి, దుమ్ము చేరి, కొన్నాళ్లకి అంకె గెంతులు వేస్తుంది. మీరు లివర్ ముట్టుకోకపోయినా ఆటలో హ్యాండ్‌బ్రేక్ పడుతూ లేస్తూ ఉంటే కారణం చాలాసార్లు ఇదే.

హాల్ సెన్సర్‌లో ఒక అయస్కాంతం, దాని దగ్గర ఒక చిప్ ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి తాకవు కాబట్టి అరుగుదల లేదు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం ఇది. అయస్కాంత క్షేత్రం మారితే వోల్టేజీ మారుతుంది. నా లెక్కలో ఇంటి వాడకానికి ధరకి తగ్గ వస్తువు ఇదే.

లోడ్‌సెల్ కొలిచేది దూరం కాదు, బలం. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా లోపల ఉండేది కూడా ఇదే. లివర్ కొంచెమే కదులుతుంది, మీరు ఎంత గట్టిగా లాగుతున్నారో దాన్ని బట్టి అంకె పెరుగుతుంది. మన కండరాలు దూరం కన్నా బలాన్ని బాగా గుర్తుపెట్టుకుంటాయి, అందుకే బ్రేక్ పెడల్‌లో లోడ్‌సెల్ వల్ల తేడా స్పష్టంగా కనిపిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ దగ్గరికొచ్చేసరికి అంత తేడా ఉండదని నా అభిప్రాయం. ర్యాలీలో ఎక్కువసార్లు గట్టిగా లాగి వదిలేస్తాం. డ్రిఫ్ట్ చేసేవాళ్లకి మాత్రం, ముప్పై శాతం పట్టుని రెండు సెకన్లు అలాగే నిలపాల్సి వస్తుంది కాబట్టి, లోడ్‌సెల్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు.

హైడ్రాలిక్ అంటే అసలు బండిలో లాగానే మాస్టర్ సిలిండర్, నూనె, చివర్లో ఒత్తిడి కొలిచే సెన్సర్. చేతికి బాగుంటుంది, బరువు ఎక్కువ, ధర ఎక్కువ, ఎప్పుడో ఒకనాడు కారుతుంది. కార్పెట్ మీద పెట్టుకోకండి.

కొనేముందు లోపలి ఫోటో అడగండి. నేను ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర లోడ్‌సెల్ అని రాసి ఉంటే కొన్నాను. లాగితే లివర్ జానెడు కదిలింది, అప్పుడే అనుమానం వచ్చింది. నాలుగు స్క్రూలు విప్పితే లోపల పొటెన్షియోమీటర్ నవ్వుతోంది. స్క్రూ విప్పారు కాబట్టి వాపసు తీసుకోం అన్నారు. విప్పకపోతే నాకెలా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు.

ఎంత పెట్టాలి? విదేశాల నుంచి తెప్పించుకోవచ్చా?

పేరు లేని హాల్ సెన్సర్ యూఎస్‌బీ హ్యాండ్‌బ్రేకులు కొన్ని వేలల్లో దొరుకుతాయి. మోజా, ఫనాటెక్, థ్రస్ట్‌మాస్టర్, లాజిటెక్ లాంటి పేర్లు చేరేకొద్దీ ధర పెరుగుతుంది. హ్యూసింక్‌వెల్డ్ లాంటి వాటి ధర వింటే ఇంట్లో చెప్పడానికి టెన్షన్ వస్తుంది. నేరుగా విదేశీ వెబ్‌సైట్‌లో కొంటే కస్టమ్స్ సుంకం, కొరియర్ వాళ్ల చార్జీలు విడిగా పడతాయి. చూపించిన ధరకే వస్తుందని అనుకోవద్దు.

అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న అన్నయ్య వస్తున్నాడంటే తెప్పించుకోవచ్చు. వోల్టేజీ గురించి భయం అక్కర్లేదు, యూఎస్‌బీ హ్యాండ్‌బ్రేక్ నడిచేది కంప్యూటర్ నుంచి వచ్చే 5 వోల్టుల మీద. అమెరికాలో 120 వోల్టులు, ఇక్కడ 230 వోల్టులు అన్న గొడవ వీల్‌బేస్ (వీల్ వెనకాల మోటార్ ఉండే డబ్బా) అడాప్టర్‌కి మాత్రమే. హ్యాండ్‌బ్రేక్‌ని చెక్-ఇన్ సామానులో పెట్టమని చెప్పండి. హ్యాండ్‌బ్యాగ్‌లో అంత పొడుగు ఇనుప కడ్డీని చూసి సెక్యూరిటీ వాళ్లు పక్కకి పిలిస్తే, సిమ్ రేసింగ్ అంటే ఏమిటో అన్నయ్య వివరించలేడు.

ప్లేస్టేషన్‌కి, ఎక్స్‌బాక్స్‌కి పనిచేస్తుందా?

ఈ ఒక్క ప్రశ్న అడగకుండా కొని బాధపడ్డవాళ్లు చాలామంది. పీసీకి ఏ యూఎస్‌బీ హ్యాండ్‌బ్రేక్ అయినా గేమ్ కంట్రోలర్‌గా కనిపిస్తుంది. కన్సోల్ అలా కాదు, తను ఒప్పుకున్న వస్తువులతోనే మాట్లాడుతుంది. అందుకని కన్సోల్‌లో సాధారణంగా హ్యాండ్‌బ్రేక్ మీ వీల్ కంపెనీదే అయి ఉండాలి, చాలావాటిలో వీల్‌బేస్ వెనకాల గుచ్చాలి. ఫనాటెక్ వాళ్లది టెలిఫోన్ వైరులాంటి ఆర్‌జే12 కేబుల్‌తో వీల్‌బేస్‌కి తగులుతుంది. పీసీకి విడిగా గుచ్చాలంటే దానికి వేరే అడాప్టర్ కొనాలి. వీల్, కన్సోల్, ఆట, మూడూ ఒప్పుకుంటేనే పనిచేస్తుంది కాబట్టి కంపెనీ ఇచ్చే జాబితాలో మూడూ సరిచూసుకోండి. మధ్యలో పెట్టే కన్వర్టర్ డబ్బాలు ఉన్నాయి, కానీ కన్సోల్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు అవి పనిచేస్తాయన్న పూచీ లేదు.

సొంతంగా తయారు చేసుకోవచ్చా?

తప్పకుండా. ఈ రిగ్‌లో సొంతంగా చేసుకోవడానికి అన్నిటికంటే సులువైన వస్తువు ఇదే. వీల్‌బేస్‌లో మోటార్ ఉంటుంది, పెడల్స్ మీద ఒళ్లంతా బరువు పడుతుంది. హ్యాండ్‌బ్రేక్ అంటే ఒక కడ్డీ, ఒక స్ప్రింగ్, ఒక సెన్సర్.

లివర్ కోసం పాత కార్ల సామాన్లు అమ్మే చోటికి వెళ్లండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట మారుతీ 800 హ్యాండ్‌బ్రేక్ లివర్ అడిగితే బేస్‌తో సహా ఇస్తారు. దాని పళ్లు కట్టర్‌తో కోయక్కర్లేదు. లివర్ చివరనున్న బటన్ నొక్కి ఉంచితే పళ్లలో పడే నాలుక పైకే ఉంటుంది. కాబట్టి ఆ బటన్‌ని నొక్కిన స్థితిలోనే టేపుతోనో కేబుల్ టైతోనో కట్టేస్తే లివర్ ఎక్కడా ఆగకుండా వెనక్కొస్తుంది. కేబుల్ తగిలించే చోట గట్టి స్ప్రింగ్ పెట్టాలి. నేను బైకు సెంటర్ స్టాండ్ స్ప్రింగ్ వాడాను, చేతికి సరిపడా బిగువుంది. మరీ ఒకేలా అనిపిస్తే స్ప్రింగ్ చివరి దూరంలో ఒక రబ్బరు బుష్ నలిగేలా పెట్టండి. మొదట తేలిగ్గా, చివర్లో గట్టిగా, అచ్చం అసలు బ్రేక్ పట్టుకున్నట్టు ఉంటుంది.

ఇక ఎలక్ట్రానిక్స్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఇవన్నీ దొరుకుతాయి. సెన్సర్ చెప్పేది చదివి కంప్యూటర్‌కి పంపే చిన్న బోర్డు ఒకటి కావాలి, అది కొనేటప్పుడు జాగ్రత్త. ఆర్డుయినో ఊనో వద్దు. అది మామూలుగా కంప్యూటర్‌కి గేమ్ కంట్రోలర్‌గా కనిపించదు. ఏటీమెగా32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో లేదా లియొనార్డో తీసుకోండి. జాయ్‌స్టిక్ లైబ్రరీ ఒకటి ఎక్కించి పదిహేను ఇరవై లైన్ల కోడ్ రాస్తే సరిపోతుంది.

పొటెన్షియోమీటర్ పెట్టేవాళ్లు ఒక చిన్న లెక్క చూసుకోవాలి. ఈ బోర్డు వోల్టేజీని 0 నుంచి 1023 వరకు, అంటే 1024 మెట్లుగా చదువుతుంది. పొటెన్షియోమీటర్ మొత్తం సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది, మీ లివర్ కదిలేది ఓ పాతిక డిగ్రీలు. అంటే మీకు చిక్కేవి 85 మెట్లే. ర్యాలీకి అది చాలు. ఇంకా నునుపుగా కావాలంటే చిన్న గేరు పెట్టి ఎక్కువ తిరిగేలా చేయాలి, లేదా హాల్ సెన్సర్‌కి మారాలి. 49ఈ రకం హాల్ చిప్పులు చవక, మూడే కాళ్లు. అయస్కాంతం ఎక్కడ అతికిస్తారన్నదే పనంతా. బోర్డు అంకె చూపిస్తుండగా అయస్కాంతాన్ని చేత్తో అటూ ఇటూ జరిపి, అంకె బాగా మారే చోట ఎపాక్సీతో అతికించండి. తొందరపడి ముందే అతికించి నేను ఒక సాయంత్రమంతా గోకాను.

లోడ్‌సెల్ పెడితే దానికి హెచ్‌ఎక్స్711 అనే చిన్న బోర్డు కావాలి. చాలా బోర్డులు సెకనుకి 10 సార్లు మాత్రమే కొలిచేలా అమర్చి వస్తాయి. లాగిన పదో వంతు సెకను తర్వాత ఆటకి తెలుస్తుందంటే అర్థం లేదు. దాన్ని 80కి మార్చే పిన్ ఉంటుంది, ముందు అది మార్చండి.

ఎడమ పక్క పెట్టాలా, కుడి పక్కా?

మనం ఇండియాలో కుడి సీటులో కూర్చుని ఎడమ చేత్తో గేరు మారుస్తాం, హ్యాండ్‌బ్రేక్ లాగేదీ ఆ చేత్తోనే. చేతికి అలవాటు అదే కాబట్టి ఎడమ పక్క సహజంగా అనిపిస్తుంది. కానీ ఆటలో ర్యాలీ బండ్లు ఎక్కువగా ఎడమ సీటువి, తెర మీద డ్రైవరు కుడి చేత్తో లాగుతుంటాడు. అమెరికాలో ఉండే మనవాళ్లకి ఈ చిక్కు లేదు.

నేను మొదట ఎడమ పక్క పెట్టి, మూడు నెలల తర్వాత కుడికి మార్చాను. తెర మీద చేతికీ నా చేతికీ పొంతన లేకపోవడం వీఆర్ (కళ్లకి తొడుక్కునే తెర) పెట్టుకున్నప్పుడు మరీ చిరాకు పెట్టింది. వారం రోజులు గందరగోళంగా ఉంది, ఆ తర్వాత మర్చిపోయాను. వీఆర్ వాడకపోతే మీ చేతికి ఏది బాగుంటే అది. ఎడమ చేత్తో కూర కలిపి కుడి చేత్తో ఫోన్ చూసేవాళ్లూ ఉన్నారు కదా.

ఎత్తు మాత్రం ముఖ్యం. ర్యాలీకి లివర్ నిలువుగా, పిడి దాదాపు వీల్ ఎత్తులో, వీల్ మీద నుంచి చెయ్యి తీస్తే జానెడు దూరంలో అందేలా ఉండాలి. కింద సీటు పక్కన పెడితే అసలు కారులా కనిపిస్తుంది కానీ, లాగేటప్పుడు ఒళ్లంతా ఒక పక్కకి వంగుతుంది.

టేబుల్‌కి బిగించవచ్చా?

వీల్‌కి వేరు, దీనికి వేరు. వీల్ బలం ఎక్కువగా మెలితిప్పేది. హ్యాండ్‌బ్రేక్‌ని మీరు మీ వైపు, ఒక్క కుదుపుతో లాగుతారు. లివర్ పొడుగు వల్ల ఆ బలం క్లాంప్ దగ్గర ఎన్నో రెట్లవుతుంది. మా ఇంట్లో డైనింగ్ టేబుల్ అంచుకి క్లాంప్ పెట్టి లాగాను. మూడో రోజు సన్‌మైకా ముక్క క్లాంప్‌తో సహా ఊడొచ్చింది. అమ్మ ఇప్పటికీ ఆ మూల మీద ఉప్పు డబ్బా పెట్టి, చుట్టాలకి కనిపించకుండా కవర్ చేస్తుంది.

టేబుల్ తప్ప వేరే దారి లేకపోతే, చెక్కబల్లకి రెండు క్లాంపులు పెట్టి, మధ్యలో మందం ప్లైవుడ్ ముక్క వేసి బలాన్ని పంచండి. అంతకన్నా మంచి ఉపాయం ఒకటుంది. ఒక ప్లైవుడ్ పలక మీద హ్యాండ్‌బ్రేక్‌ని నిలువు స్టాండ్‌తో బోల్టు చేసి, ఆ పలక మీదే మీ కుర్చీ వేసుకోండి. మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. కుర్చీకి చక్రాలుంటే లాగిన ప్రతిసారీ కుర్చీ ముందుకి, బ్రేక్ తొక్కిన ప్రతిసారీ వెనక్కి పోతుంది. చక్రాలు తీసేయండి, లేదా పాత చెప్పులు అడ్డం పెట్టండి. నవ్వకండి, పనిచేస్తుంది.

అల్యూమినియం ప్రొఫైల్ రిగ్ ఉన్నవాళ్లకి ఈ బాధలు లేవు, ఎం8 బోల్టులు, టీ-నట్లు పెట్టి బిగించేయడమే. సన్న గొట్టాల మడత స్టాండ్లు ఉన్నవాళ్లు ముందే అనుకోండి, స్టాండ్ మొత్తం ఊగుతుంది. నాలుగు వేల హ్యాండ్‌బ్రేక్‌ని కదలని చోట బిగిస్తే వచ్చే తృప్తి, నలభై వేలది ఊగే స్టాండ్‌కి బిగిస్తే రాదు.

కంప్యూటర్‌లో ఎలా సెట్ చేయాలి?

విండోస్‌లో రన్ తెరిచి జాయ్ డాట్ సీపీఎల్ (joy.cpl) అని కొడితే గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. మీ హ్యాండ్‌బ్రేక్ ఎంచుకుని లివర్ లాగితే ఒక గీత నిండాలి. క్యాలిబ్రేషన్‌లో, అంటే లివర్ మొదలు, చివర ఎక్కడో కంప్యూటర్‌కి నేర్పేటప్పుడు, లివర్‌ని పూర్తిగా వదిలి, తర్వాత మీరు ఆటలో లాగేంత గట్టిగా లాగి చూపించండి. ఇక్కడ అందరూ చేసే తప్పు, శక్తంతా పెట్టి లాగి చూపించడం. ఆ తర్వాత ఆటలో అంత గట్టిగా ఎవరూ లాగరు, ఎప్పుడూ ఎనభై శాతం దగ్గరే ఆగిపోతుంది.

ఆటలో దాన్ని బటన్‌గా కాదు, అక్షంగా (యాక్సిస్, ఎంత లాగితే అంత అంకె ఇచ్చేది) కేటాయించాలి. లివర్ మొదట్లో రెండు మూడు శాతం డెడ్‌జోన్ (ఆట పట్టించుకోని కదలిక) పెట్టండి, లేకపోతే చెయ్యి ఆనించినా వెనుక బ్రేక్ రాసుకుంటూ ఉంటుంది. పై చివర శాచురేషన్ (ఎంత లాగితే వంద అనుకోవాలన్నది) తొంభై దగ్గర పెడితే పూర్తి లాక్ తేలిగ్గా అందుతుంది. లాగేకొద్దీ అంకె ఎలా పెరగాలో మార్చే కర్వ్ జోలికి మొదటి నెల వెళ్లకండి.

ఆట నా హ్యాండ్‌బ్రేక్‌ని గుర్తించట్లేదు.

జాయ్ డాట్ సీపీఎల్‌లో కనిపిస్తోందా? లేదంటే తప్పు కేబుల్‌ది, పోర్టుది లేదా బోర్డుది. కనిపిస్తోందంటే తప్పు ఆటది. ఆటని స్టీమ్‌లో కొని ఉంటే, అందులో కంట్రోలర్ల మధ్యలో దూరే స్టీమ్ ఇన్‌పుట్ అనే సెట్టింగుని ఆ ఆటకి ఆపి చూడండి. డర్ట్ ర్యాలీ ఆటల్లో తెలియని పరికరాలని గుర్తించడానికి ఆట ఫోల్డర్‌లోని పరికరాల జాబితా ఫైల్‌లో మీదాన్ని చేర్చాల్సి రావచ్చు. మార్చేముందు ఆ ఫైల్ కాపీ ఒకటి పక్కన పెట్టుకోండి. అన్నీ గుచ్చిన తర్వాతే ఆట తెరవండి. యూఎస్‌బీ పోర్టు మారిస్తే కొన్ని ఆటలు దాన్ని కొత్త వస్తువు అనుకుని పాత సెట్టింగులన్నీ మర్చిపోతాయి. అందుకే నా పోర్టుల మీద మార్కర్‌తో పేర్లు రాసుకున్నాను.

హెయిర్‌పిన్‌లో సరిగ్గా ఎప్పుడు లాగాలి?

అనుకున్నదానికన్నా ఆలస్యంగా, అనుకున్నదానికన్నా తక్కువసేపు.

తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు గుర్తు తెచ్చుకోండి, రోడ్డు తన మీదే మడత పడుతుంది. అలాంటి చోటికి వేగంగా వచ్చి హ్యాండ్‌బ్రేక్ మీద ఆశ పెట్టుకోవద్దు. బండి వేగం తగ్గించే పని కాలి బ్రేక్‌ది, చేతి బ్రేక్‌ది తోక తిప్పే పని మాత్రమే. ముందు కాలి బ్రేక్‌తో వేగం తగ్గించి, గేరు ఒకటికో రెండుకో దించండి. వీల్‌ని మలుపు వైపు తిప్పండి, బండి ముక్కు అటు కదలడం మొదలైందని చేతికి తెలిశాకే లివర్ లాగండి. ముక్కు కదలకముందే లాగితే బండి తిరగదు, నేరుగా జారుకుంటూ పోతుంది. క్లచ్ వాడే బండి అయితే లాగడం, క్లచ్ తొక్కడం ఒకేసారి. అర సెకను చాలు. బండి ముక్కు మలుపులోంచి బయటికెళ్లే దారి వైపు చూడటం మొదలవగానే వదిలేసి, వీల్ వదులు చేసి, యాక్సిలరేటర్ ఇవ్వండి. తిరగడం పూర్తయ్యాక వదులుదామని ఆగితే అప్పటికే ఎక్కువ తిరిగిపోయి ఉంటుంది.

లివర్ లాగేటప్పుడు వీల్ మీద ఒక్క చెయ్యే ఉంటుందని గుర్తుంచుకోండి. బలమైన డైరెక్ట్ డ్రైవ్ వీల్ (మోటార్‌కే నేరుగా బిగించినది) ఉంటే ఫోర్స్ కొంచెం తగ్గించండి, బొటనవేలు వీల్ కమ్మీల లోపల పెట్టకండి. వీల్ ఒక్కసారి విదిల్చిందంటే మణికట్టు మూడు రోజులు గుర్తుచేస్తుంది.

సాధనకి కంకర రోడ్డు, ముందు చక్రాలతో నడిచే చిన్న బండి తీసుకోండి. పెద్ద బండి తారు రోడ్డు మీద తప్పుని క్షమించదు.

డ్రిఫ్ట్‌కి కూడా ఇలాగేనా?

కాదు. ర్యాలీలో లాగేది బండిని తిప్పడానికి. డ్రిఫ్ట్‌లో జారుడు మొదలుపెట్టడానికి, తర్వాత మధ్యలో బండిని బయటి గీత వైపు సాగదీయడానికి, ముందున్న బండికి మరీ దగ్గరైతే వేగం తగ్గించుకోవడానికి కూడా లాగుతారు. కోణం పోకుండా వేగం మాత్రం తగ్గాలి. అందుకే సగం, పావు లాగే నేర్పు ఇక్కడ కావాలి, లివర్ కూడా ఎక్కువ దూరం కదిలేదైతే మేలు. క్లచ్ పెడల్ లేకుండా డ్రిఫ్ట్ నేర్చుకోవడం ఉప్పు లేని పప్పు. రెండు పెడల్స్ సెట్టు ఉంటే హ్యాండ్‌బ్రేక్ కన్నా ముందు అది మార్చండి.

గేరు లివర్‌గా కూడా వాడుకోవచ్చా?

థ్రస్ట్‌మాస్టర్ టీఎస్‌ఎస్, లాజిటెక్ ఆర్‌ఎస్ లాంటివి రెండు పనులకీ మారతాయి, కానీ ఒక్కోసారి ఒక్కటే. రెండూ కావాలంటే రెండు కొనాలి. మామూలు హ్యాండ్‌బ్రేక్‌ని గేరుగా వాడాలని చూడకండి, ముందుకి తోయడం దానికి రాదు.

ఆట మధ్యలో డిస్‌కనెక్ట్ అవుతోంది, రిగ్ ముట్టుకుంటే జివ్వుమంటోంది.

రెండింటికీ మూలం చాలాసార్లు ఒకటే, ఎర్తింగ్. పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది కానీ మూడో కన్నం వెనకాల వైరే ఉండదు. కంప్యూటర్ పవర్ సప్లై నుంచి వచ్చే చిన్న లీకేజీ నేలలోకి పోయే దారి లేక అల్యూమినియం రిగ్ మీదకి వస్తుంది, చెప్పులు లేకుండా ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఇది వాయిదా వేసే పని కాదు.

ఎర్తింగ్ బాగున్నా డిస్‌కనెక్ట్ అవుతుంటే, వీల్‌బేస్ మోటార్ నుంచి వచ్చే విద్యుత్ రొద యూఎస్‌బీ కేబుల్‌లోకి దూరుతోందేమో చూడండి. హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ని మోటార్ పవర్ కేబుల్‌తో కలిపి కట్టకండి. పొట్టి కేబుల్, కేబుల్‌కి తొడిగే ఫెర్రైట్ పూస (రొదని తగ్గించేది), సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్, ఈ వరసలో ప్రయత్నించండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో యూఎస్‌బీని నిద్రపుచ్చే ఆప్షన్ కూడా ఆపండి.

ఎన్నాళ్లకోసారి ఏం చూసుకోవాలి?

నెలకోసారి బోల్టులు. కుదుపుకి అన్నిటికంటే ముందు వదులయ్యేవి అవే. నైలాన్ నట్లు వేస్తే ఆ పని తగ్గుతుంది. ఇరుసు దగ్గర కీచుమంటే కొంచెం గ్రీజు, సెన్సర్ మీద పడకుండా. పొటెన్షియోమీటర్ గెంతుతుంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాతికసార్లు అటూ ఇటూ తిప్పండి, కొన్నాళ్లు ఆగుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో స్ప్రింగులు త్వరగా తుప్పు పడతాయి. హైడ్రాలిక్ అయితే కంపెనీ చెప్పిన నూనే పోయండి. డాట్ రకం బ్రేక్ ఆయిల్‌కి చేసిన రబ్బరు సీళ్లు వేరు, మినరల్ ఆయిల్‌కి చేసినవి వేరు. మారిస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి. డాట్ ఆయిల్ రంగుల మీద పడితే పెయింట్ కూడా లేచిపోతుంది.

రాత్రిపూట చప్పుడుకి కింది ఫ్లాటు వాళ్లు గొడవ చేస్తున్నారు.

వాళ్లది న్యాయమే. లివర్ వదిలినప్పుడు వెనక్కి వెళ్లి ఇనుము ఇనుముకి కొట్టుకుంటుంది, ఆ దెబ్బ రిగ్ కాళ్ల నుంచి స్లాబులోకి దిగుతుంది. మీకు హెడ్‌ఫోన్లు ఉంటాయి కాబట్టి వినపడదు. లివర్ వెనక్కి తగిలే చోట రబ్బరు ముక్క అతికించండి, పాత సైకిల్ ట్యూబు రెండు మడతలు చాలు. రిగ్ కాళ్ల కింద వాషింగ్ మెషీన్ కింద పెట్టే రబ్బరు పాదాలు వేయండి. నేను ఇవన్నీ చేశాక కూడా కింది ఆంటీ అడిగింది, "రాత్రి పదకొండింటికి ఏం దంచుతున్నారు బాబూ, పిండా?" అని. ఇప్పుడు పది దాటితే హ్యాండ్‌బ్రేక్ అక్కర్లేని తారు రోడ్డు రేసులే ఆడుతున్నాను.